కార్నిటిన్ గోలీల కన్నా ముందు ఐరన్ పరీక్ష చేయించండి

అక్కా, మీ అమ్మగారికి డయాలసిస్ మొదలై ఏడాదైనా, ఎర్ర కణాలు పెరగడానికిచ్చే ఎరిత్రోపోయిటిన్ సూదులు పడుతున్నా హిమోగ్లోబిన్ 8 దాటట్లేదని, ఎవరో ఎల్-కార్నిటిన్ గోలీలు చెప్పారని రాశారు. మా నాయనకూ అచ్చం ఇట్లనే అయింది.

దేవరకొండ నుంచి నల్లగొండకు వారానికి మూడుసార్లు తీసుకపోయేవాణ్ణి. హిమోగ్లోబిన్ 7.6. బస్సు దిగి నాలుగడుగులు వేస్తే కూర్చునేవాడు. పక్క మంచం వాళ్లు చెప్తే కార్నిటిన్ గోలీలు తెచ్చి మూడు నెలలు వాడినం. 7.8 అయింది, అంతే.

ఆ మందు వెనక కారణం లేదని కాదు. కార్నిటిన్ మన కాలేయంలో, కిడ్నీల్లో తయారవుతుంది, మాంసం, పాల నుంచీ వస్తుంది. కొవ్వును శక్తిగా మార్చుకోవడానికి కణాలకు అది కావాలి. చిన్న అణువు, నీళ్లలో కరుగుతుంది, అందుకే డయాలసిస్‌లో ప్రతిసారీ కొంత పోతుంది. అది తగ్గితే ఎర్ర కణాల పొర బలహీనపడి అవి త్వరగా చితికిపోతాయని, భర్తీ చేస్తే ఎరిత్రోపోయిటిన్ సూది బాగా పనిచేస్తుందని డాక్టర్లు ఆశపడ్డారు. పాత చిన్న చిన్న ప్రయోగాలను కలిపి చూస్తే లాభం ఉన్నట్టే కనిపించింది. కానీ ఫ్రాన్స్‌లో కొత్తగా డయాలసిస్ మొదలైనవాళ్లకు ఏడాదిపాటు కార్నిటిన్‌ను నరానికి ఇచ్చి చూస్తే సూది అవసరమేమీ తగ్గలేదు. 2012లో వచ్చిన కేడిగో (కిడ్నీ వైద్యంపై సలహాలిచ్చే అంతర్జాతీయ సంస్థ) మార్గదర్శకాలు కూడా రక్తహీనతకు తోడు మందుగా దీన్ని వాడొద్దనే సూచించాయి. గోలీలతో ఇంకో చిక్కుంది: పేగుల్లోని బ్యాక్టీరియా దాన్ని ట్రైమిథైలమైన్ అనే పదార్థంగా మారుస్తుంది, దాన్ని బయటికి పంపాల్సింది కిడ్నీలే.

మాకు దారి దొరికింది హైదరాబాద్‌లో చూపించినప్పుడు. ఆ కిడ్నీ డాక్టరు గోలీల సంగతి పక్కన పెట్టి, "ఫెరిటిన్, టీశాట్ ఎప్పుడు చేయించిన్రు?" అని అడిగాడు. రెండూ ఐరన్ పరీక్షలే: ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో ఫెరిటిన్, రక్తంలో వాడుకోవడానికి ఎంతుందో టీశాట్ చెప్తాయి. చేయించి ఎనిమిది నెలలయింది. మళ్లీ చేయిస్తే టీశాట్ 13 శాతమే. సూది ఎముక మజ్జకు పని చెప్తుంది, కానీ ఇనుమే లేకపోతే మజ్జ దేనితో చేస్తుంది? డయాలసిస్ గొట్టాల్లో మిగిలే రక్తం, పదేపదే తీసే శాంపిళ్లతో ఇనుము తరుగుతూనే ఉంటుంది. ఐరన్ సుక్రోజ్ 100 మిల్లీగ్రాముల చొప్పున పది డయాలసిస్‌లలో ఎక్కించారు. రెండు నెలలకు 10.1. నాయన మళ్లీ తనే పోయి చాయ్ తాగొచ్చాడు. ఆ రోజు నాకు కన్నీళ్లాగలేదు.

ఐరన్ సరిపడా ఉంటే డయాలసిస్ కోసం మెడలో పెట్టిన గొట్టం (క్యాథటర్) దగ్గర ఇన్ఫెక్షన్ (సన్నటి జ్వరమున్నా సరే), పీటీహెచ్ (పారాథైరాయిడ్ హార్మోన్), విటమిన్ బీ12, డయాలసిస్ సరిపోతుందా లేదా, ఇవి అడగండి. ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు ఫెరిటిన్ ఉత్తుత్తిగానే పెరిగి కనిపిస్తుంది, దాన్ని చూసి ఐరన్ ఉందనుకోవద్దు, టీశాట్ కూడా చూడాలి.

ఇంకొకటి, దయచేసి రక్తం పడుతుందని దానిమ్మ, బీట్‌రూట్ రసాలు పట్టకండి. పొటాషియం పెరిగితే గుండెకే ముప్పు. కిడ్నీ మార్పిడి ఆలోచన ఉంటే, అత్యవసరమైతే తప్ప రక్తం ఎక్కించుకోవద్దు, యాంటీబాడీలు తయారై సరిపోయే కిడ్నీ దొరకడం కష్టమవుతుంది.

గోలీలు ఇప్పటికే కొని ఉంటే ఆ పెట్టె కూడా డాక్టరుకు చూపించండి. ఫెరిటిన్, టీశాట్ వచ్చాక ఇక్కడ రాయండి అక్కా, నేను చూస్తుంటాను.