పిల్లల ఫోన్‌లో ఏ యాప్ వేస్తే ఇంటర్నెట్‌లో భయం లేకుండా ఉంటుంది?

మీ అమ్మాయి ఎనిమిదో తరగతి అన్నారు, ఏ యాప్ వేయాలని అడిగారు. యాప్ సంగతి తర్వాత చెప్తాను. ఆన్‌లైన్‌లో ఏదైనా జరిగితే పిల్లలు ఇంట్లో చెప్పుకోలేకపోవడమే అన్నిటికన్నా పెద్ద ప్రమాదం.

మా అక్క కూతురు తొమ్మిదో తరగతిలో ఉండగా దసరా సెలవులకి మా ఇంటికొచ్చింది. ఫోన్ మోగితే ఉలిక్కిపడుతోంది, అన్నం కెలికి లేచిపోతోంది. రాత్రి డాబా మీద పక్కలేసుకున్నాక, "పిన్నీ, అమ్మకి చెప్పవుగా?" అంది. రీల్స్ కింద కామెంట్లలో ఒక 'అమ్మాయి' పరిచయమైందట. తనదీ గుంటూరేనందట. లెక్కల నోట్సు పంపుకున్నారు, ఇళ్లలో తిట్లు చెప్పుకున్నారు. పండక్కి కొన్న డ్రెస్ చూపించమంటే ఫొటో పంపింది. మర్నాటికి ఆ ముఖాన్నే బట్టల్లేని వేరే ఒంటికి అతికించి, "ఇంకా పంపు, లేకపోతే మీ క్లాసందరికీ పంపుతా" అని మెసేజ్.

చెప్తే అమ్మ ఫోన్ లాక్కుంటుంది, నాన్న ట్యూషన్ మాన్పిస్తాడు. ఆ భయంతోనే నోరు నొక్కుకుంది. బెదిరించేవాడి ధీమా కూడా అదే. మన ఇళ్ల సంగతి వాడికి బాగా తెలుసు.

చాట్ మొత్తం డిలీట్ చేయబోతుంటే ఆపాను. అదే మన సాక్ష్యం. స్క్రీన్‌షాట్లు తీసి, ప్రొఫైల్ లింకు దాచి, ఒక్క జవాబూ ఇవ్వకుండా బ్లాక్ చేశాం. కేంద్ర ప్రభుత్వ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఆడవాళ్లకి, పిల్లలకి వేరే విభాగం ఉంది. పేరు చెప్పకుండా కూడా ఫిర్యాదు పెట్టచ్చు, మేం పేరుతోనే పెట్టాం. డబ్బు కూడా పోయుంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

పోలీసులంటే మా బావ పరువని వెనకాడాడు. ఈ ఒక్కటీ ప్రతి తల్లీ తండ్రీ తెలుసుకోవాలి. పిల్లలపై లైంగిక నేరాల కోసం తెచ్చిన 2012 పోక్సో చట్టం 11వ సెక్షన్ ప్రకారం ఇలాంటి ఫొటో చూపించి పిల్లల్ని బెదిరించడమే నేరం, అది నిజం ఫొటో అయినా అతికించిందైనా సరే. 24వ సెక్షన్ ప్రకారం పిల్ల చెప్పేది ఇంటి దగ్గరో, తను కోరుకున్న చోటో రాసుకోవాలి, వచ్చే అధికారి యూనిఫాంలో ఉండకూడదు, వీలైనంతవరకు మహిళా ఎస్సై రావాలి. ఇదంతా చెప్పాకే బావ కదిలాడు. ఫొటో ఎక్కడికీ పోలేదు, వాడు మళ్లీ రాలేదు. ఇలాంటివాళ్లు ఎక్కువగా భయపడేవాళ్లనే వెంటాడతారు.

అడగకపోయినా ఇంకొకటి చెప్పాలి. రోడ్డు దాటేటప్పుడు చెయ్యి వదలని తల్లులే పుట్టినరోజుకి యూనిఫాం, మెడలో ఐడీ కార్డుతో పిల్ల ఫొటో స్టేటస్ పెడతారు. పేరు, తరగతి, బడి, ఊరు అన్నీ అందులోనే. బళ్లేమో హోంవర్కంతా వాట్సాప్‌లో పంపుతూ, పేరెంట్స్ మీటింగులో ఫోన్ ఇవ్వకండని మనకే క్లాసు పీకుతాయి. నాకు ఒళ్లు మండిపోతుంది.

ఇక యాప్. గూగుల్ ఫ్యామిలీ లింక్ ఉచితం. కొత్త యాప్ దించుకోవాలంటే మీ అనుమతి అడిగేలా, రాత్రి ఫోన్‌కి తాళం పడేలా పెట్టుకోవచ్చు. కానీ చాలా ఇళ్లలో పిల్లల ఫోన్‌లో ఉండేది నాన్న జీమెయిలే. గూగుల్ దృష్టిలో ఆ ఫోన్ వాడేది పెద్దమనిషి, పిల్లల సెట్టింగులేవీ పనిచేయవు. అమ్మాయి అసలు పుట్టినతేదీతో వేరే ఖాతా తెరవండి. అయినా గేముల్లో, రీల్స్‌లో ఎవరేం మెసేజ్ పెడుతున్నారో ఫ్యామిలీ లింక్ మీకు చూపించదు.

అందుకే ఫోన్ చేతికిచ్చే రోజే, "ఏం జరిగినా చెప్పు, ఫోన్ లాక్కోను" అని మాటివ్వండి. మీకు చెప్పడానికి ఇబ్బందైతే ఏ పిన్నికో అత్తకో చెప్పమనండి, ఎవరికో పిల్లనే ఎంచుకోనివ్వండి. 1098 చైల్డ్ హెల్ప్‌లైన్ నంబరు కూడా ఫోన్‌లో వేయించండి.