ప్రపంచ బ్యాంకులో ఆర్థికవేత్త కావాలంటే ఇంటర్‌లో ఏ గ్రూపు?

ప్రశ్న: మాది విశాఖపట్నం, గాజువాక. పదో తరగతి పూర్తిచేసిన మా అమ్మాయి ప్రపంచ బ్యాంకులో ఆర్థికవేత్త కావాలంటోంది. లెక్కలంటే భయం కాబట్టి సీఈసీలో చేర్పించాలనుకుంటున్నాం. ఇది సరైన నిర్ణయమేనా? - ఒక తండ్రి

జవాబు: ఈ ఒక్క లక్ష్యం దృష్ట్యా చూస్తే సరైనది కాదండీ. దయచేసి ఎంఈసీ గాని ఎంపీసీ గాని ఆలోచించండి.

కారణం ఆ ఉద్యోగ స్వభావంలోనే ఉంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను మన నగరాన్ని అతలాకుతలం చేశాక, 2015లో ప్రపంచ బ్యాంకు రాష్ట్రానికి 25 కోట్ల డాలర్ల రుణం ఆమోదించింది. విశాఖలో కరెంటు తీగలను భూగర్భంలో వేయడం ఆ ప్రాజెక్టులో ఒక భాగం. ఇలాంటి పనికి అప్పు ఇచ్చే ముందు, పెద్ద తుపాను వచ్చే అవకాశం ఎంత, కరెంటు లేని రోజుల్లో ఆసుపత్రులు, పరిశ్రమలు, చిన్న దుకాణాలు ఎంత నష్టపోతాయి, ఆ నష్టం తప్పడం వల్ల రాబోయే ఏళ్ళలో కలిగే ప్రయోజనం నేటి విలువలో ఖర్చును మించుతుందా అన్నది ఆర్థికవేత్తలు లెక్కగట్టాలి. ఇలాంటి రుణాలే ఇచ్చే, మనీలాలో ఉన్న ఆసియా అభివృద్ధి బ్యాంకు 2017 మార్గదర్శకాలలో, సాధారణ ప్రాజెక్టులకు ఏడాదికి 9 శాతం ఆర్థిక రాబడిని కనీస ప్రమాణంగా పెట్టుకుంది. కలనగణితం (కాల్క్యులస్), సంభావ్యత, గణాంకశాస్త్రం లేకుండా ఈ పని సాగదు.

చదువు దారిలోనూ ఇదే అడ్డు వస్తుంది. ముంబయిలోని ఇందిరాగాంధీ అభివృద్ధి పరిశోధన సంస్థలో ఎమ్మెస్సీ ఎకనామిక్స్‌కి, ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో క్వాంటిటేటివ్ ఎకనామిక్స్ మాస్టర్స్‌కి ఇంటర్ స్థాయిలో గణితం చదివి ఉండాలి. రెండో సంస్థలో విద్యార్థులకు స్టైపెండ్ ఇచ్చే ఆనవాయితీ ఉంది కనుక, విదేశీ చదువుకు ఇప్పుడే ఇల్లు తాకట్టు పెట్టాల్సిన పనిలేదు.

మరొక మాట కూడా స్పష్టంగా చెప్పాలి. యువ నిపుణులను తీసుకునే ప్రపంచ బ్యాంకు యంగ్ ప్రొఫెషనల్స్ కార్యక్రమానికి సైతం మాస్టర్స్ లేదా పీహెచ్‌డీతో పాటు అనుభవం అడుగుతారు, పోటీ చాలా తీవ్రంగా ఉంటుంది. అందువల్ల యూపీఎస్సీ నిర్వహించే ఇండియన్ ఎకనామిక్ సర్వీస్, రిజర్వు బ్యాంకు పరిశోధన విభాగం, గ్రామాల్లో సర్వేలు చేసే పరిశోధన సంస్థలు కూడా ఆమె దృష్టిలో ఉండాలి. అక్కడి అనుభవం తర్వాతి దరఖాస్తుకు బలమవుతుంది.

భయం గురించి: అడ్మిషన్ ఫీజు కట్టే ముందు, ఈ సెలవుల్లో ఓపికగా చెప్పే మాస్టారి దగ్గర బీజగణితం మళ్ళీ మొదటినుంచి చేయించండి. నెల తర్వాత ఏ గ్రూపో ఆమెనే అడగండి.