మంగలికత్తికి అలవాటైన చేతికి ఏ సేఫ్టీ రేజరు?

తిరుపతి నుంచి ఒకరు అడిగారు: ఏళ్లుగా కత్తితోనే గడ్డం గీసుకుంటున్నాను, రెండంచుల బ్లేడు రేజరు కొనాలంటే ఏది మేలు?

బ్లేడు అంచు ఎంత బయటికి వస్తుందన్న లెక్కన మధ్యరకం తీసుకోండి. అంచు బాగా లోపలికి ఉండే మరీ మెతకదైతే బ్లేడు సరిగా తగలదు, గీసిన చోటే మళ్లీ మళ్లీ గీయాలి. బ్లేడు బాగా బయటికి వచ్చేదైతే మొదటివారమే కోతలు పడతాయి. మూడు ముక్కలుగా ఊడొచ్చేదైతే కడగడం తేలిక. మన బోరు నీళ్లకు తెల్లమరకలు కట్టేది ఆ ముక్కల మధ్య సందుల్లోనే. స్టీలు, ఇత్తడి ఏళ్లకేళ్లు ఉంటాయి. జింకు మిశ్రమం చవకే గానీ, పైనున్న క్రోమ్ పూత లేచిందంటే లోపల తినేస్తుంది.

అసలు తేడా పట్టులో ఉంది. కత్తికి కోణం మీ మణికట్టు ఇస్తుంది, ఇక్కడ చాలావరకు రేజరు తలే ఇస్తుంది. తల పైభాగాన్ని చెంపకు ఆనించి, పిడిని మెల్లగా కిందికి దించండి. వెంట్రుక తెగే గరగర వినబడగానే ఆగండి, అప్పుడు బ్లేడుకూ చర్మానికీ మధ్య కోణం సుమారు 30 డిగ్రీలు. కత్తిలా పొడవుగా లాగొద్దు, అంగుళం చొప్పున చాలు. అస్సలు నొక్కొద్దు. చర్మం సాగదీసి పట్టే అలవాటు మాత్రం వదలకండి, గొంతు దగ్గర అదే కాపాడుతుంది.

బ్లేడ్లు ముందే డబ్బాలకొద్దీ కొనకుండా రెండుమూడు రకాలు చూడండి. ఫెదర్ కంపెనీ బ్లేడు చాలా పదును, చేయి కుదిరాకే దాని జోలికి వెళ్లండి.