హోటల్ కిట్‌కు జిగురు కన్నా ముందు కిటికీల గురించి ఆలోచించండి

మీరు అడిగినవి రెండు. రైలు నమూనాల లేఅవుట్ (బల్ల మీద పట్టాలు, స్టేషన్, ఊరు పేర్చిన చిన్న లోకం) కోసం కొన్న మూడంతస్తుల ప్లాస్టిక్ హోటల్ కిట్‌కు ఏ జిగురు వాడాలి? రంగు అతికించడానికి ముందు వేయాలా, తర్వాత వేయాలా? రెండింటికీ జవాబు చెబుతాను. అయితే నేను కట్టిన మూడంతస్తుల హోటల్ ఒకటి నన్ను ఒక రాత్రంతా బల్ల ముందు కూర్చోబెట్టింది. అందుకని నాకు ముఖ్యంగా చెప్పాలని ఉన్నది కిటికీల గురించి.

ముందు జిగురు. గోడకూ గోడకూ మధ్య ద్రవరూపంలో ఉండే ప్లాస్టిక్ సిమెంటే వాడండి. అది రెండు అంచులనూ కాస్త కరిగించి ఒకటిగా కలిపేస్తుంది. సన్నని కుంచెతో లోపలివైపు నుంచి ఒక్క చుక్క తాకిస్తే చాలు, సందు వెంట దానంతట అదే పాకిపోతుంది. కానీ అది ప్లాస్టిక్‌ను తాకితేనే పని చేస్తుంది, మధ్యలో రంగు పొర ఉంటే అతుకు నిలవదు. కాబట్టి రంగు ముందే వేయండి, అతికే అంచులను మాత్రం వదిలేయండి. పొరపాటున అక్కడ రంగు పడితే బ్లేడుతో గీకేయండి. గోడలు ఇటుక రంగు, కిటికీ చట్రాలు తెలుపు అయినప్పుడు, అన్నీ అతికించాక కుంచె పట్టుకుని 40 చట్రాల చుట్టూ తిరగడం వృథా ప్రయాస. రంగుకు ముందు భాగాలన్నిటినీ సబ్బు నీళ్లతో కడిగి ఆరబెట్టడం మరిచిపోకండి. అచ్చులోంచి తేలిగ్గా ఊడిరావడానికి వాడే జిడ్డు పొర వాటిపై మిగిలిపోతుంటుంది, దాని మీద రంగు సరిగా పట్టదు.

కిటికీ అద్దాల దగ్గరికి మాత్రం సూపర్ గ్లూను రానివ్వకండి. అది ఆరేటప్పుడు వచ్చే ఆవిరి పారదర్శకమైన ప్లాస్టిక్ మీద పొగమంచులా తెల్లగా పేరుకుంటుంది. నాలుగు గోడలు, పైకప్పు మూసేసిన భవనంలో ఆ ఆవిరికి బయటికి దారి ఉండదు, అద్దాలన్నీ పాడవుతాయి. అద్దాలకు మామూలు తెల్ల జిగురు చాలు, ఆరాక కనబడదు. గోడలు నిలబెట్టేటప్పుడు మూలమట్టం పెట్టి చూడండి. మొదటి మూల ఒక్క డిగ్రీ తప్పినా నాలుగో మూల కలవదు.

ఈ మాత్రం సంగతులు కిట్‌తో వచ్చే కాగితం మీద రాసి ఉండాలి. ఉండవు. బాణం గుర్తులు, అంకెలు, ఒక కత్తెర బొమ్మ, అంతే. పెట్టె మీద మాత్రం దీపాలు వెలుగుతూ, పరదాలు వేలాడుతూ, గుమ్మంలో సామాను దింపుతున్న మనుషులతో కళకళలాడే హోటల్ ఫొటో ఉంటుంది. పెట్టె తెరిస్తే ఆ దీపాలూ ఉండవు, పరదాలూ ఉండవు, మనుషులూ ఉండరు. కొన్నవాడు అవి ఎలా చేసుకోవాలో చెప్పే ఒక్క వాక్యమైనా ఉండదు. ఇది నాకు చాలా అన్యాయంగా అనిపిస్తుంది.

ఇక ఆ రాత్రి సంగతి. నా హోటల్ 1:87 నిష్పత్తిలో, అంటే అసలు కొలతలో 87వ వంతు ఉండే, హెచ్‌ఓ అని పిలిచే కిట్. ముందువైపు అంతస్తుకు 5 చొప్పున 15 కిటికీలు, పక్కన మెట్ల దారి వెంట నిలువుగా మరో మూడు. నాలుగు సాయంత్రాల్లో పని పూర్తి చేశాను. ఇటుకల మధ్య సున్నపు గీతలు రావడానికి లేత బూడిద రంగును బాగా పల్చన చేసి పూసి, ఆరకముందే మెత్తటి గుడ్డతో తుడిచాను. అది ఎంత బాగా కుదిరిందంటే ఆ గోడను ఎంతసేపు చూసుకున్నానో నాకే తెలియదు. లోపల ఒకే ఒక్క బల్బు పెట్టి, పైకప్పు కూడా సిమెంటుతో అతికించేసి, స్టేషన్ ఎదుట నిలబెట్టాను. మా నాన్నగారిని పిలిచి గదిలో దీపం ఆర్పి, స్విచ్ వేశాను.

భవనం మొత్తం కాగితపు లాంతరులా వెలిగింది. ఇటుక గోడల్లోంచే వెలుతురు వస్తోంది. మూలల అతుకుల వెంట సన్నని దారాల్లా వెలుగు, పైకప్పు కింద చుట్టూ ఒక పసుపు గీత. పై అంతస్తు కిటికీలోంచి చూస్తే కింది అంతస్తు నేల కనబడుతోంది, ఎందుకంటే మధ్యలో అంతస్తులే లేవు. 18 కిటికీలూ ఒకే కాంతి, ఒకే రంగు. మా నాన్నగారు వంగి చాలాసేపు చూశారు. తర్వాత, "ఇందులో ఒక్కరూ దిగినట్టు లేదురా" అన్నారు.

హోటల్లో ఉండడాన్ని మనం దిగడం అంటాం. రైలు దిగడానికీ అదే మాట. స్టేషన్ ఎదుట హోటల్ ఉండడానికి కారణం ఆ ఒక్క మాటలోనే ఉంది. బండి దిగినవాడు వచ్చి ఇక్కడ దిగాలి. నేను కట్టినదాంట్లో గోడలున్నాయి, దిగినవాళ్లు లేరు.

ఆ రాత్రే పైకప్పు ఊడదీయడానికి కూర్చున్నాను. ప్లాస్టిక్ సిమెంటుతో కలిసిపోయిన అతుకు ఊడదు, దాన్ని కోయాలి. కొత్త బ్లేడు పెట్టి, బలం వేయకుండా, ఒకే గీత మీద 30, 40 సార్లు లాగుతూ మూడు వైపులా విడదీశాను. నాలుగో వైపున తొందరపడ్డాను. చిన్న చప్పుడు వినిపించింది. వెనక గోడలో పైఅంచు నుంచి రెండో అంతస్తు ఎత్తు దాకా పగులు. వెంట్రుక మందమే, కానీ వంకర. సిమెంటు పెట్టి మూసినా ఇటుకల వరుస మీద మచ్చలా కనబడుతూనే ఉంది. మర్నాడు దాని మీదుగా 1 మి.మీ. ఇత్తడి తీగను పైనుంచి నేల దాకా దించి, సన్నని కాగితపు పట్టీలతో గోడకు కట్టి, తుప్పు రంగు వేశాను. వాన నీటి గొట్టం అయింది. ఇప్పుడు వెనక గోడలో నాకు అన్నిటికన్నా నచ్చేది అదే.

తర్వాత లోపలి పని మొదలుపెట్టాను. మీరు గోడలు అతికించక ముందే ఈ పని చేసుకోవాలని ఇంత వివరంగా రాస్తున్నాను. గోడల లోపలివైపు మొదట నల్లరంగు, అది ఆరాక దాని మీద గది రంగు వేయండి. నలుపు వెలుతురును ఆపుతుంది, పైపూత గదిలా కనిపిస్తుంది. మూలల్లో లోపలినుంచి సన్నని ప్లాస్టిక్ పట్టీ అతికిస్తే అతుకు బలపడుతుంది, వెలుగూ కారదు. నల్లని అట్టతో అంతస్తులు కోయండి, కిటికీకీ కిటికీకీ మధ్య అట్ట గోడలు నిలబెట్టి ప్రతి కిటికీ వెనకా ఒక చిన్న గది పెట్టె చేయండి. దీపాలకు ఆవగింజంత ఎల్‌ఈడీలు దొరుకుతాయి, 1.6 మి.మీ. పొడవు, 0.8 మి.మీ. వెడల్పు. 12 వోల్టుల సరఫరాకు తెల్ల ఎల్‌ఈడీ వెంట 1,000 ఓమ్‌ల రెసిస్టర్ (కరెంటును తగ్గించే చిన్న భాగం) పెడితే దాదాపు 9 మిల్లీఆంపియర్లు పారుతుంది. హోటల్ గదికి అది చాలా ఎక్కువ. నేను 4,700 ఓమ్‌లు పెడతాను, 2 మిల్లీఆంపియర్లే పారి గది గదిలా ఉంటుంది. రంగు ఉష్ణోగ్రత 2,700 నుంచి 3,000 కెల్విన్ మధ్య ఉన్నవే, అంటే పాత బల్బులా పసుపు ఛాయ కాంతి ఇచ్చేవే కొనండి. ఆవిరి ఇంజన్ల కాలపు లేఅవుట్‌లో 6,000 కెల్విన్ నీలితెలుపు దీపాలు పెట్టి మురిసిపోయేవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. ఎన్ని నెలలో పెట్టి కట్టిన ఊరు ఆ ఒక్క దీపంతో ఆసుపత్రి వరండాలా అయిపోతుంది.

అన్ని కిటికీలూ వెలిగించకండి. దయచేసి ఈ ఒక్క మాట వినండి. నా 15 గదుల్లో ఐదే వెలుగుతాయి. కొన్ని గదులవాళ్లు నిద్రపోయారు, కొన్నిట్లో ఎవరూ లేరు, కొందరి బండి ఇంకా రాలేదు. మెట్ల దారి కిటికీలు మూడూ మాత్రం రాత్రంతా వెలగాలి, కాస్త మసకగా. కింద గుమ్మం దగ్గర అన్నిటికన్నా ఎక్కువ కాంతి. గదుల్లో దీపం ఎక్కడ పెట్టారన్నది కూడా ముఖ్యమే. ఒక గదిలో పైకప్పుకు పెట్టాను, ఇంకోదాంట్లో బల్ల ఎత్తుకు దించాను. ఆ కింది దీపం వల్ల గోడ మీద సగం దాకానే వెలుగు పాకి, పైన చీకటి మిగిలింది. పరదాలకు పల్చటి టిష్యూ కాగితాన్ని నీళ్లు కలిపిన తెల్ల జిగురులో తడిపి, సూది వెంట మడతలు పెట్టి ఆరనిచ్చాను. ఒక పరదా పూర్తిగా మూసి ఉంటుంది, ఒకటి సగం, ఒకటి ఒక పక్కకు లాగేసినట్టు.

రెండో అంతస్తు కుడిచివరి గదిలో మంచం, దాని మీద తెరిచిన పెట్టె, పక్కన వీపు మనవైపు తిప్పి నిలబడ్డ మనిషి. ఈ నిష్పత్తిలో మనిషి ఎత్తు 19 మి.మీ. పైచిలుకు, మంచం పొడవు 23, పెట్టె 8. బొమ్మల పాకెట్లలో దొరికే మనుషులంతా చెయ్యెత్తి ఊపుతూనే ఉంటారెందుకో. గదిలో ఒంటరిగా ఉన్నవాడు ఎవరికి చెయ్యి ఊపుతాడు? ఆ చెయ్యి కోసి, కిందికి వంచి, మళ్లీ అతికించాను. అంతా పెట్టాక మా నాన్నగారిని మళ్లీ పిలిచాను. ఈసారి ఆయన కళ్లద్దాలు సర్దుకుని ఆ గది దగ్గరే ఆగారు. "ఈయన పెట్టె సర్దుకుంటున్నాడు. ఏ బండికి?" అని అడిగారు. లేఅవుట్‌లో ఆ సాయంత్రం ఇంకా ఒక్క పాసింజరే మిగిలి ఉంది, దాన్ని నడిపి చూపించాను.

వెనక గోడ గురించి కూడా చెప్పాలి. కిట్లు చేసేవాళ్లు ముందువైపు అంతా చెక్కి, వెనకవైపు ఖాళీ పలకలా వదిలేస్తారు. పెద్ద స్టేషన్ల హోటళ్లు ఎలా ఉంటాయో చూడండి. లండన్ పాడింగ్టన్ స్టేషన్లో 1854లో తెరిచిన గ్రేట్ వెస్టర్న్ రాయల్ హోటల్ గానీ, అదే ఊళ్లోని సెయింట్ పాంక్రస్ స్టేషన్లో జార్జ్ గిల్బర్ట్ స్కాట్ రూపకల్పనలో 1873లో తెరిచిన మిడ్‌లాండ్ గ్రాండ్ హోటల్ గానీ, ముఖం వీధివైపు, వీపు పట్టాలవైపు. మన లేఅవుట్లలోనూ రైలు పక్కన కనబడేది చాలాసార్లు ఆ వీపే. గొట్టాలు, వంటగది పొగ దారి, బట్టలు ఉతికే గది తలుపు, ఖాళీ పెట్టెలు అన్నీ అక్కడే ఉండాలి. పొగ గొట్టాలనూ లెక్కపెట్టండి. గది గదికీ నిప్పు గూడు ఉన్న కాలంలో ఒక్కో గూటికి ఒక్కో పొగ దారి పైకి వెళ్లేది, అందుకే ఆనాటి హోటళ్ల కప్పుల మీద గొట్టాలు గుంపులుగా కనబడతాయి. నా కిట్‌లో అంత భవనానికి రెండే ఇచ్చారు. ప్లాస్టిక్ గొట్టం ముక్కలు కోసి మరో 12 చేర్చాను.

మురికి విషయంలో మాత్రం కాస్త చెయ్యి బిగపట్టండి. నల్లరంగు నీళ్లు భవనమంతా పోసి పాతదనం వచ్చిందనుకోవడం ఇప్పుడొక అలవాటైపోయింది. డబ్బు తీసుకుని మనుషులను దింపుకునే హోటల్ తన గుమ్మాన్ని తుడుచుకుంటుంది. మసి నిలిచేది కిటికీ గట్ల రెండు చివరల కింద, పిట్టగోడ కింద, పొగ గొట్టాల చుట్టూ. అక్కడే సుద్ద రంగుల పొడి మెత్తని కుంచెతో పైనుంచి కిందికి లాగండి. పైన మ్యాట్ (మెరుపు లేని) వార్నిష్ చల్లితే సగం మాయమవుతుంది, అందుకని మొదట కాస్త ఎక్కువే వేయాలి. ఆ వార్నిష్ అద్దాలు బిగించక ముందే చల్లాలి, లేకపోతే అద్దాలన్నీ మసకబారతాయి.

పైకప్పు అతికించకండి. లోపల అంచు వెంట నాలుగు చిన్న పట్టీలు పెడితే మూతలా కూర్చుంటుంది, దీపం పోయినా తెరవవచ్చు. మీ గోడలు ఇంకా విడిగా ఉంటే లోపలివైపు ఫొటో తీసి ఇక్కడ పెట్టండి. కిటికీల మధ్య ఎంత చోటుందో చూస్తే అట్ట గదులు ఏ కొలతకు కోయాలో చెబుతాను.