చీటీ తీసి పిలవాలి, వాళ్ల భాషలో విననివ్వాలి

ప్రశ్న: మాస్టారూ, నేను ఒడిశాలోని పర్లాకిమిడిలో డిగ్రీ చదువుతున్నాను. అమ్మమ్మ వాళ్లది ఆంధ్ర వైపు పాతపట్నం. ఐరోపాలో 27 దేశాల మామూలు జనాన్ని కూర్చోబెట్టి, తమ ఉమ్మడి భవిష్యత్తు గురించి మాట్లాడించారని క్లాసులో చెప్పారు. నిజమేనా? మన సరిహద్దు ఊళ్లలో అలాంటిది కుదురుతుందా?
- ఒక విద్యార్థిని, గజపతి జిల్లా

జవాబు: నిజమేనమ్మా. ఐరోపా యూనియన్ పెట్టిన ఆ చర్చల పేరు 'ఐరోపా భవిష్యత్తుపై సదస్సు'. 2021 మే 9న స్ట్రాస్‌బర్గ్‌లో మొదలుపెట్టి, సరిగ్గా ఏడాదికి అక్కడే ముగించారు. నాలుగు బృందాలు, ఒక్కోదాంట్లో 200 మంది. వాళ్లను ఏ పార్టీ పంపలేదు, ఎవరూ దరఖాస్తు పెట్టుకోలేదు. చీటీ తీసినట్టు ఎంచి పిలిచారు. మూడోవంతు 16 నుంచి 25 ఏళ్ల వాళ్లు, అంటే నీ ఈడు వాళ్లు.

నా మనసుకు పట్టింది మాత్రం భాష సంగతి. 24 భాషల్లో ఎవరి భాషలో వాళ్లు మాట్లాడితే, మిగతావాళ్లకు అనువాదకులు చెవిలో చెప్పారు. ఇది ఎందుకు ముఖ్యమో నేను కళ్లారా చూశాను. ఏళ్ల కిందట మా వైపు ఏటి ఒడ్డు కోత మీద అధికారులు ఒక సమావేశం పెట్టారు. కొండ మీంచి ఒక సవర ముసలామె పొద్దున్నే నడిచొచ్చి ముందు వరసలో కూర్చుంది. మాటలన్నీ ఒడియాలో, మధ్యమధ్య ఇంగ్లీషులో సాగాయి. చివర్లో వేలిముద్ర వేయించుకున్నారు, ఆమె లేచి వెళ్లిపోయింది. కోతకు పోయింది ఆమె పొలమే. ఆమె నోట ఒక్క ముక్క రాలేదు. సవర నేర్చుకుని సవర పిల్లలకు బడులు పెట్టిన గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరమ్మా మనది. అందుకే ఆ రోజు నాకు మరీ సిగ్గేసింది.

ఐరోపాలో అంతా నెగ్గిందని చెప్పను. 49 ప్రతిపాదనలు, 300 పైచిలుకు చర్యలు తేలాయి. కొన్నింటికి యూనియన్‌ను నడిపే మూల ఒప్పందాలే మార్చాలి. ముగింపు రోజునే 13 ప్రభుత్వాలు తొందరపడొద్దని రాతపూర్వకంగా చెప్పాయి. ఆ మార్పు ఇంకా జరగలేదు. అయినా చీటీ పద్ధతిని వదల్లేదు. ఆ ఏడాది చివర్లో ఆహార వృథా మీద మాట్లాడటానికి మళ్లీ 150 మందిని అలాగే పిలిచారు.

ఇక మన దగ్గర. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడింది. మా మామ్మ అనేది, 'మద్రాసులో పడుకున్నాం, ఒరిస్సాలో లేచాం' అని. ఆమెను ఎవరూ అడగలేదు. కోరాపుట్ జిల్లా కోటియా సంగతి చూడు. ఆంధ్ర, ఒడిశాల మధ్య 21 ఊళ్ల తగువు 1968లో సుప్రీంకోర్టుకెక్కింది. 2021 నవంబరులో అప్పటి ఇద్దరు ముఖ్యమంత్రులు భువనేశ్వర్‌లో కలిసి, ప్రధాన కార్యదర్శులతో కమిటీ అన్నారు. నాకు ఇద్దరి మీదా గౌరవమే. కానీ కమిటీ అంటే అధికారుల కమిటీయే కదా. రెండు వైపులా రేషన్ కార్డులున్న కోటియా మనిషికి అందులో కుర్చీ ఏదీ?

కుదురుతుందా అంటే, చిన్నగా మొదలుపెడితే కుదురుతుంది. మహేంద్రతనయ ఏటికి అటు పాతపట్నం మండలం, ఇటు మన వైపు పంచాయతీలు. ఓటర్ల జాబితాల్లోంచి చీటీలు తీసి చెరో ఇరవై మందిని పిలవాలి, సగం ఆడవాళ్లు ఉండాలి. తెలుగు, ఒడియా, సవర మూడూ తెలిసిన మనుషుల్ని మధ్యలో కూర్చోబెట్టాలి. కూలి పోయినవాళ్లకు ఆ రోజు కూలి ఇవ్వాలి, లేకపోతే తీరికున్నవాళ్లే వస్తారు. ఏ రాష్ట్రంలో ఉంటారన్న ప్రశ్న మాత్రం మొదటి రోజు ఎత్తకూడదు. ఎత్తితే ఎవరి జెండా వెనక వాళ్లు చేరిపోతారు. ఏటి నీళ్లు, అర్ధరాత్రి కాన్పుకు ఏ వైపు ఆసుపత్రికి పోవాలి, ఇక్కడి సర్టిఫికెట్ అక్కడ చెల్లుతుందా, ఇవీ అడగాల్సినవి. వాళ్లు తేల్చిన ప్రతి మాటకూ ఇద్దరు కలెక్టర్లూ రాతపూర్వకంగా జవాబివ్వాలి. ఆ హామీ లేకపోతే జనాన్ని పిలవకపోవడమే నయం.

ఈసారి పాతపట్నం వెళ్లినప్పుడు మీ అమ్మమ్మను అడుగు. ఇవతలి వాళ్లతో కూర్చుంటే ఆవిడ మొదట ఏ మాట ఎత్తుతుందో, ఆవిడ అన్నది అన్నట్టే రాసి పంపమ్మా.