పప్పుచారులో ఎముక ముక్క

ఉత్తరం (కుదించి): నాకు 27 ఏళ్లు. హనుమకొండలో ఒక ప్రైవేటు బడిలో టీచరుగా పనిచేస్తున్నాను. పెళ్లయి రెండేళ్లయింది. అత్తమామలతోనే ఉంటున్నాం. కాలేజీ రోజుల్లోనే మాంసం మానేశాను, పాలు పెరుగు తీసుకుంటాను. పెళ్లిచూపుల నాడే ఈ సంగతి మా ఆయనకు చెప్పాను, ఆయన సరేనన్నారు. నాకు మరో రెండు ఇష్టాలున్నాయి. ఒకటి అడవి జంతువులు. నెలకో ఆదివారం స్నేహితురాళ్లతో కలిసి తెల్లవారకముందే పాకాలకో, ఏటూరునాగారం అడవికో వెళ్తాను. రెండోది పాతకాలపు బట్టలు. చనిపోయిన మా అమ్మమ్మ చీరలు, బుట్ట చేతుల రవికెలు, వెండి కడియాలు వేసుకోవడమంటే నాకు ప్రాణం. ఆడబిడ్డ గృహప్రవేశానికి అమ్మమ్మ గద్వాల చీర కట్టుకుని వెళ్తే (అత్తమ్మ ఆ రోజు కోసం నాకు కొత్త పట్టుచీర కొని ఉంచారు) అత్తమ్మ నెల రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. మొన్న దసరా నాడు వీధిలోకి ఎవరో పంజరంలో పాలపిట్టను తెచ్చారు. మామయ్య డబ్బులిచ్చి మొక్కారు. అది నేరమని, మీలాంటివాళ్ల వల్లే అడవులు ఖాళీ అవుతున్నాయని అందరి ముందు అనేశాను. ఆ రాత్రి పప్పుచారు సగం తిన్నాక చేతికి ఎముక ముక్క తగిలింది. అత్తమ్మ మటన్ ఉడికించిన నీళ్లు పోశారట. “పిల్లలు పుట్టాలంటే ఒంట్లో బలం ఉండొద్దా” అన్నారు. రెండు రోజులు ఆ ఇంట్లో అన్నం ముట్టలేదు. “అడవి మృగాల మీద ఉన్న ప్రేమ అత్త మీద లేదు” అని చుట్టాలతో చెప్పుకుంటున్నారు. వచ్చే మేడారం జాతరకు రానని కూడా చెప్పేశాను. నా ఇష్టాలన్నీ వదులుకోవాలా? వేరు కాపురం పెట్టమని ఆయనను అడగాలా?

జవాబు:

అమ్మా, ముందుగా పప్పుచారు సంగతి. తినను అని చెప్పిన మనిషికి తెలియకుండా తినిపించడం తప్పు. ప్రేమతో చేసినా తప్పే. మీకు వాంతి వచ్చినంత పనైందని, ఇప్పటికీ ఆ ఇంట్లో గిన్నె మూత తీస్తే ముందు గరిటెతో కలిపి చూసుకుంటున్నానని చివర్లో రాశారు. ఆ వాక్యం దగ్గర నా మనసు చివుక్కుమంది. ఇంట్లో వండిన అన్నాన్ని అనుమానంగా కలుపుకునే స్థితి ఎవరికీ రాకూడదు. కాబట్టి “అత్తగారే కదా, సర్దుకుపో” అని నేను చెప్పను. ఇది మళ్లీ జరగకూడదు. జరగకుండా చూడాల్సింది మీ ఆయన.

ఎందుకో చెబుతాను. పెళ్లిచూపుల నాడే ఆయనకు చెప్పానని, సరేనన్నారని రాశారు. ఆ మాట ఆయన వాళ్లమ్మకు చెప్పారా? మీ ఉత్తరంలో ఎక్కడా ఆ ఊసు లేదు. చెప్పలేదనే నాకనిపిస్తోంది. పెళ్లయిన వారానికి మీ అత్తమ్మ పొట్టేలు మాంసం కూర చేసి, మీ కంచంలో నల్లిబొక్క వేసి కూర్చుంటే, మీరు కంచం పక్కకు జరిపారని రాశారు. ఆమెకు అప్పుడే తెలిసి ఉంటుంది. మన వైపు ఇళ్లలో కొత్త కోడలి కంచంలో మంచి ముక్క వేయడం అంటే ఆ ఇంటిలోకి ఆహ్వానించడమే. ఆమె ఆ గౌరవం చేశారు, మీరు కాదన్నారు. కొడుకు నెల ముందే ఒక్క మాట చెప్పి ఉంటే ఆ రోజు మీ కోసం పప్పో పచ్చి పులుసో ఉండేది, ఆమెకు నామోషీ ఉండేది కాదు. ఇద్దరి మధ్య నలిగిపోతున్నానని ఆయన అంటున్నారు. నలిగిపోవడం ఆయన రెండేళ్ల క్రితం మింగేసిన మాటతోనే మొదలైంది. ఆ మాట ఇప్పుడైనా ఆయన నోటి నుంచే రావాలి: “అమ్మా, తను మాంసం తినదని నాకు పెళ్లికి ముందే తెలుసు. నీకు చెప్పకపోవడం నా తప్పు. ఇక మీద తన గిన్నెలో ఏమీ కలపొద్దు.” మీరు పక్కన లేనప్పుడు, తల్లీకొడుకులు ఇద్దరే ఉన్నప్పుడు చెప్పాలి.

బలం గురించి మీ అత్తమ్మ భయాన్ని మాత్రం తోసెయ్యకండి. అందులో వాస్తవం ఉంది. బి12 విటమిన్ మొక్కల ఆహారంలో దొరకదు. పాలు, పెరుగు తీసుకుంటున్నారు గనుక కొంత అందుతుంది, సరిపోతోందో లేదో పరీక్ష చేయిస్తేనే తెలుస్తుంది. హిమోగ్లోబిన్, బి12 రెండూ చూపించుకోండి. బిడ్డ కోసం అనుకుంటున్నట్లయితే ఇంకా ముందే చూపించుకోవాలి. 55 కిలోల బరువున్న మనిషికి రోజుకు దాదాపు 46 గ్రాముల ప్రోటీన్ కావాలి. నూరు గ్రాముల కందిపప్పులో 22 గ్రాముల దాకా ఉంటుంది, ఎండు మీల్ మేకర్‌లో దాదాపు సగం ప్రోటీనే. పప్పు, పెరుగు, పల్లీలు, శనగలు రోజూ సరిగా తింటే లోటు రాదు. ఆకుకూరల మీద నిమ్మరసం పిండుకోండి, ఒంటికి ఇనుము బాగా పడుతుంది. అన్నం తిన్న వెంటనే టీ తాగే అలవాటుంటే గంట ఆగండి. డాక్టరు దగ్గరికి మీ అత్తమ్మను వెంట తీసుకెళ్లండి. పుస్తకం చూసి మీరు చెబితే అది వాదన అవుతుంది, అదే మాట డాక్టరు చెబితే ఆమె రాత్రి నిద్రపోతారు.

మీరు వండే మీల్ మేకర్ కీమాను, సోయా “మటన్” కూరను ఇంట్లో ఎవరూ ముట్టలేదని బాధపడ్డారు. ముట్టరమ్మా. అసలు మటన్ తినేవాళ్లకు నకలు మటన్ ఎందుకు? మాంసం లేని వంట మీరు కొత్తగా ఆ ఇంటికి తీసుకురావాల్సిన పని లేదు, అది మీ అత్తమ్మ చేతిలోనే ఉంది. బతుకమ్మ తొమ్మిది రోజుల నైవేద్యాలు తలచుకోండి: అటుకులు, ముద్దపప్పు, నానబియ్యం, అట్లు, వెన్నముద్దలు, చివరి రోజు నువ్వుల సద్ది, పల్లీల సద్ది, పెరుగు సద్ది. ఆమె నలభై ఏళ్లుగా ఇవి చేస్తూ ఉండి ఉంటారు. సర్వపిండి నేర్పమని అడగండి. దాన్ని నాలుగు చోట్ల నాలుగు పేర్లతో పిలుస్తారు, కొందరు గిన్నప్ప అంటారు. బియ్యప్పిండిలో నానిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, కరివేపాకు, ఉల్లిపాయ కలిపి, గుండ్రటి గిన్నె లోపలి గోడకు చేత్తో పలుచగా ఒత్తి, వేలితో చిల్లులు పెట్టి, ఒక్కో చిల్లులో రెండు చుక్కల నూనె పోసి, మూత పెట్టి సన్నటి సెగ మీద ఉంచాలి. చెప్పడం తేలిక, ఆ పలుచదనం చేతికి రావడానికి ఏళ్లు పడుతుంది. పక్కన నిలబడి, ఆమె వేళ్లు గిన్నెలో ఎలా తిరుగుతున్నాయో చూడండి. రెండేళ్లలో మీరు ఆమెను ఏదైనా నేర్పమని అడిగిన సందర్భం మీ ఉత్తరంలో ఒక్కటీ కనిపించలేదు.

ఇక చీర. బ్రాకెట్లో పెట్టిన ఆ ముక్కే నాకు అసలు విషయంగా కనిపించింది. ఆమె డబ్బు పెట్టి, రంగు ఎంచి, మీ కోసం పట్టుచీర కొని ఉంచారు. చుట్టాలందరి ముందు మా కోడలికి నేను పెట్టిన చీర అని చూపించుకోవాలనుకున్నారు. మీరు పాత చీర కట్టుకొచ్చారు. మీ కంటికి అది అమ్మమ్మ జ్ఞాపకం. నలుగురి కంటికి అది అత్తగారింట్లో కొత్త చీరకు గతిలేని కోడలు. పైగా పోయినవారి బట్టలు శుభకార్యానికి కట్టుకోకూడదని ఇప్పటికీ నమ్మే ఇళ్లు మన దగ్గర ఎన్నో ఉన్నాయి. ఆ నమ్మకం నాకు లేదు, అయినా ఎదుటివారికి ఉన్నప్పుడు ఆ ఒక్క రోజు ఆగవచ్చు. ఆమె కొన్న చీర ఇంకా మడత విప్పలేదని రాశారు. వచ్చే శుభకార్యానికి అదే కట్టుకోండి. అమ్మమ్మ చీరలు బడికి, స్నేహితుల ఇళ్లకు, మీ పుట్టినరోజుకు కట్టుకోండి. అక్కడ మిమ్మల్ని ఎవరూ ఆపకూడదు.

అంతకంటే మంచి పని మరొకటి ఉంది. మీ అత్తమ్మ పెళ్లినాటి సందూకు ఇంట్లోనే ఉందన్నారు కదా. ఒక సెలవు రోజు దాన్ని తెరవమని అడగండి. పాత పట్టును ఎలా కాపాడాలో మీకు తెలుసు, ఆమెకు తెలియకపోవచ్చు. వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తే మడత గీతల వెంట సన్నటి వెలుగు కనిపిస్తుంది. అక్కడ పట్టు చీలిపోవడం మొదలైందన్నమాట. అలాంటి చీరను మళ్లీ అదే గీత మీద మడవకూడదు, ప్లాస్టిక్ సంచిలో పెట్టకూడదు. ఉతికిన పాత తెల్ల ధోవతిలో చుట్టి, నాలుగైదు నెలలకోసారి నీడలో ఆరబెట్టి మడత మార్చాలి. అసలు జరీ వెండితీగ గనుక నల్లబడుతుంది, నిమ్మకాయ పెట్టి రుద్దితే చెడిపోతుంది. నాఫ్తలిన్ ఉండలు జరీకి తగలకూడదు. ఇవన్నీ చేస్తూ, ఒక్కో చీర ఎప్పటిది, ఎవరు పెట్టారు అని అడగండి. పాత బట్టల మీద మీ ఇష్టం నిజమైనదని నాకు నమ్మకం ఉంది. అయితే ఆ ఇష్టం ఇప్పటిదాకా మీ పుట్టింటి పెట్టె దగ్గరే ఆగిపోయింది.

మామయ్య విషయంలో మీరు చెప్పిన సంగతి నిజం, చెప్పిన చోటు తప్పు. పాలపిట్ట మన రాష్ట్ర పక్షి. దసరా నాడు చూస్తే మంచిదని పట్టి, కాళ్లకు దారం కట్టి, పంజరంలో పెట్టి తిప్పేవాళ్లున్నారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అలా పట్టడం నేరం, అందులో మీరు వెనక్కి తగ్గనవసరం లేదు. అయినా అరవై ఏళ్లు దాటిన మనిషి మొక్కుకుంటున్న నిమిషంలో, వీధి అంతా చూస్తుండగా “మీలాంటివాళ్ల వల్లే” అంటే ఆయన వినేది పిట్ట గురించి కాదు, తన పరువు గురించి. ఆ ఒక్క మాటకు క్షమాపణ చెప్పండి. చట్టం గురించి కాదు, ఆ మాటకు.

మామయ్య సొంతూరు తాడ్వాయి పక్కన అని మీరే రాశారు. 800 చదరపు కిలోమీటర్లకు పైగా ఉన్న ఏటూరునాగారం అభయారణ్యం అంచున పెరిగిన మనిషి ఆయన. మీరు సాంబార్ అని రాసిన జంతువును ఆయన కణుజు అంటారు, నీల్‌గాయ్‌ను మనుబోతు అంటారు. ఇప్పపువ్వు రాలే రోజుల్లో ఎలుగుబంటి ఏ వేళకు చెట్టు కిందికి వస్తుందో ఆయన చిన్నప్పుడే చూసి ఉంటారు. మీరు నెలకో ఆదివారం బైనాక్యులర్లు పట్టుకుని వెతుక్కునేది ఆయనకు పుట్టిపెరిగిన ఊరి సంగతి. ఒకసారి ఆయనను పాకాలకు వెంట రమ్మని అడగండి. కాకతీయ గణపతిదేవుని కాలపు చెరువు అది, ఆ కట్ట మీద నడవడం వయసు మీద పడ్డవారికీ కష్టం కాదు. దారిలో జంతువుల పేర్లు అడిగి రాసుకోండి, కణుజు అడుగుకూ దుప్పి అడుగుకూ తేడా చూపించమనండి. ఆయన కుర్రతనంలో వేటకు వెళ్లిన కథ చెబితే అప్పుడు మాత్రం నోరు మెదపకండి. వచ్చే దసరాకు పొద్దున్నే ఆయనను ఊరి బయట పొలాల వైపు తీసుకెళ్లండి. పాలపిట్ట కరెంటు తీగ మీద ఒంటరిగా కూర్చుంటుంది. ఎగిరినప్పుడు ఆ రెక్కల నీలం విచ్చుకోవడం ఒక్కసారి చూసినవారు పంజరం వైపు మళ్లీ చూడరు. పూర్వం దాన్ని చూసింది కూడా అలాగే, జమ్మి దగ్గరికి వెళ్లే దారిలో.

జాతరకు రానన్న మాట వెనక్కి తీసుకోండి. యాటను కోస్తారని మీ అభ్యంతరం. నిజమే, కోస్తారు. దాని దగ్గర మీరు ఉండనవసరం లేదు. అయితే సమ్మక్క సారలమ్మలకు భక్తులు ఇచ్చే బంగారం బెల్లమే కదా. నిలువెత్తు బంగారం మొక్కుకుని, మీ బరువుకు సమానంగా బెల్లం తూగి గద్దెల దగ్గర ఇవ్వండి. అంతకంటే పెద్ద మొక్కు ఆ జాతరలో లేదు, అందులో రక్తపు చుక్క లేదు. మీరు ఎడ్లబండి బాటల నాటి అడవి అని ప్రేమించే ఆ అడవిలోనే మేడారం ఉంది. మీ కుటుంబం గుడారం వేసిన చోట మిగిలే ప్లాస్టిక్ పళ్లేలు, సంచులు ఏరి వెనక్కి తెచ్చే పని మీరు తీసుకోండి. పొయ్యి ఒకటి వేరుగా పెట్టుకుని పప్పు, జొన్నరొట్టె చేసుకోండి. అత్తమ్మ ఆ పొయ్యి దగ్గరికి వచ్చి ఒక రొట్టె అడిగితే ఆశ్చర్యపోకండి.

వేరు కాపురం ఇప్పుడు వద్దు. ముందు వంటింట్లో మీకంటూ రెండు గిన్నెలు, ఒక మూకుడు, ఒక గరిటె వేరుగా పెట్టుకోండి. ఏ ఇంట్లోనైనా అడగదగిన కోరికే అది. మీ ఆయన వాళ్లమ్మతో స్పష్టంగా చెప్పాక కూడా మళ్లీ మీ గిన్నెలో మాంసం నీళ్లు కలిస్తే, అప్పుడు ఇల్లు వెతకమని అడగండి, అప్పుడు నేనూ అదే చెబుతాను. నెలకో ఆదివారం అడవికి వెళ్లడం మానకండి. ఎక్కడికి, ఎవరితో, ఎన్ని గంటలకు తిరిగొస్తారో శనివారమే ఇంట్లో చెప్పండి. చీకటితో లేచి చెప్పులు చేత్తో పట్టుకుని గడప దాటుతున్నానని రాశారు. చెప్పులు వేసుకునే వెళ్లండి.

ఈ జవాబు మీ ఆయనకు చదివి వినిపించండి. తల్లితో మాట్లాడటానికి ఆదివారం దాకా ఆగవద్దని నా మాటగా చెప్పండి. రక్తపరీక్ష ఫలితాలు వచ్చాక మళ్లీ రాయండి, మామయ్య చెప్పిన జంతువుల పేర్లు కూడా.