దుబాయిలో వీపీఎన్ వేసుకుని వాట్సాప్ కాల్ చేస్తే నేరమా?

ప్రశ్న: మాది జగిత్యాల జిల్లా. మా ఆయన దుబాయిలో పనిచేస్తారు. అక్కడ వాట్సాప్ కాల్ కలవదని ఫోన్‌లో ఉచిత వీపీఎన్ వేసుకుని రోజూ రాత్రి పిల్లలతో వీడియోలో మాట్లాడతారు. దొరికితే ఇరవై లక్షల దిర్హాములు జరిమానా వేస్తారని గదిలో ఉండేవాళ్లు అంటున్నారట. నిజమేనా? ఆ కాల్ ఎత్తినందుకు ఇక్కడ నా మీద కేసు అవుతుందా?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ఆ అంకె గాలికబురు కాదు, చట్టంలో ఉన్నదే. కాకపోతే గదిలోవాళ్లు సగమే చెప్పారు. వదంతులను, సైబర్ నేరాలను అరికట్టేందుకు యూఏఈ తెచ్చిన 2021 నాటి 34వ నంబరు ఫెడరల్ డిక్రీ చట్టం 2022 జనవరి 2 నుంచి అమలులో ఉంది. వీపీఎన్ చేసే పని, ఇంటర్నెట్‌లో మన ఫోన్‌ను గుర్తుపట్టే సంఖ్యను, అంటే ఐపీ చిరునామాను, దాచి వేరేది చూపించడం. నేరం చేయడానికి గానీ, చేసిన నేరం బయటపడకుండా చూసుకోవడానికి గానీ తన ఐపీ చిరునామాను మరుగుపరచి వేరే చిరునామాతో నెట్‌వర్క్‌ను వాడిన వ్యక్తికి, ఆ చట్టంలోని 10వ అధికరణం కింద జైలుశిక్ష, 5 లక్షల నుంచి 20 లక్షల దిర్హాముల వరకు జరిమానా, లేదా ఈ రెండింటిలో ఏదో ఒకటి విధించవచ్చు. కనీస జరిమానాయే మన లెక్కలో కోటి రూపాయల పైమాట.

అంటే ఫోన్‌లో వీపీఎన్ ఉండటమే అక్కడ నేరం కాదు. కంపెనీలు, బ్యాంకులు తమ అంతర్గత అవసరాలకు దాన్ని వాడుకోవడానికి అడ్డు లేదని అక్కడి టెలికాం నియంత్రణ సంస్థ 2016లోనే ప్రకటించింది. చిక్కల్లా కాల్‌తోనే. ఇంటర్నెట్ ద్వారా కాల్స్ అందించే సేవకు ఆ సంస్థ అనుమతి తప్పనిసరి. వాట్సాప్‌లో సందేశాలు, ఫొటోలు మామూలుగానే వెళ్తాయి గానీ కాల్స్‌కు అనుమతి లేనందున ఎతిసలాత్, డు నెట్‌వర్క్‌లు వాటిని ఆపివేస్తున్నాయి. ఆ అడ్డు దాటడానికే వీపీఎన్ వేసుకున్నప్పుడు, అది నిషిద్ధమైన పనికోసం చిరునామా దాచడమేనని ప్రాసిక్యూషన్ వాదించవచ్చు. కన్నపిల్లలతో మాట్లాడటంలో నేరబుద్ధి ఎక్కడిదని ఎదురు వాదించే వీలూ లేకపోలేదు. అయితే ఆ వాదన తేలేదాకా ఉద్యోగం, వీసా నిలుస్తాయన్న భరోసా లేదు. జైలుశిక్ష పడిన విదేశీయుణ్ణి దేశం నుంచి పంపించివేయాలని కోర్టు ఆదేశించే అవకాశం కూడా ఉంది. ఒక వీడియో కాల్ కోసం ఇంత తలకెత్తుకోవలసిన అవసరం నాకు కనబడటం లేదు.

కాబట్టి ఆయన ఆ ఉచిత వీపీఎన్‌ను ఇప్పుడే తీసివేయడం మంచిది. పైగా ఎవరు నడుపుతున్నారో తెలియని సర్వర్ మీదుగా, డబ్బు పంపే యాప్‌లు కూడా ఉన్న ఫోన్‌ను నడపడం చట్టంతో నిమిత్తం లేకుండానే ప్రమాదం. అక్కడ అనుమతి ఉన్న బోటిమ్ వంటి యాప్‌ను ఆయన ఫోన్‌లోనూ మీ ఫోన్‌లోనూ వేసుకుంటే సరిపోతుంది.

ఇక మీ సంగతి. జగిత్యాలలో కూర్చుని వాట్సాప్ కాల్ ఎత్తడం ఏ భారతీయ చట్టం కిందా నేరం కాదు. మన దేశంలో వీపీఎన్ వాడకం మీద కూడా సాధారణ నిషేధమేదీ లేదు. నిషేధించిన యాప్‌ల మాటకొస్తే, 2020 జూన్ 29న టిక్‌టాక్ సహా 59 యాప్‌లను ఆపినది ఐటీ చట్టం 69ఏ సెక్షన్ కింద. ఆ సెక్షన్‌లోని ఏడేళ్ల వరకు జైలుశిక్ష, ఆపివేత ఆదేశాన్ని పాటించని మధ్యవర్తి సంస్థకే (ఇంటర్నెట్ సేవలందించే కంపెనీ వంటిది) గాని మామూలు వినియోగదారుకు కాదు. 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాలు కూడా, ఖాతాదారుల పేరు, చిరునామా వంటి వివరాలను ఐదేళ్లపాటు భద్రపరచాలని వీపీఎన్ సంస్థలకు విధించిన బాధ్యతే. అది ఇష్టంలేక కొన్ని సంస్థలు ఇక్కడి సర్వర్లనే ఎత్తివేశాయి. అయితే జమ్మూ కశ్మీర్‌లో కొన్ని జిల్లాల మేజిస్ట్రేట్లు వీపీఎన్‌ను నిషేధిస్తూ ఉత్తర్వులిచ్చిన సందర్భాలున్నాయి. అటువంటి ఉత్తర్వు అమలులో ఉన్నచోట దాన్ని ఉల్లంఘిస్తే భారతీయ న్యాయ సంహిత 223వ సెక్షన్ కింద కేసు పెట్టవచ్చు. తెలంగాణలో మీకు ఆ బెడద లేదు.

ఒకవేళ అక్కడి పోలీసులు ఆయనను పిలిపిస్తే, చదవలేని అరబిక్ కాగితం మీద సంతకం చేయకుండా ముందు అనువాదకుణ్ణి అడగాలి. దుబాయిలోని భారత కాన్సులేట్‌కు తెలియజేసి, ఆ దేశంలో ప్రాక్టీసు ఉన్న న్యాయవాదిని పెట్టుకోవాలి. ఇక్కడి వకాల్తా అక్కడి కోర్టులో చెల్లదు.